మా జోడీని విడదీయకండి

నా పొట్ట మీది మూతకు 14 బోల్టులు. అందుకే అమెరికా మెకానిక్కులు నన్ను ఫోర్టీన్ బోల్ట్ అని పిలుస్తారు. బరువులు మోసే ట్రక్కుల కోసం జనరల్ మోటార్స్ 1973లో తెచ్చిన వెనుక ఇరుసుల వంశం మాది. నేను 1980లలో పుట్టాను, అమెరికా సైన్యానికి షెవర్లే కట్టి ఇచ్చిన ఎం1008 ట్రక్కు కింద. ముందు వైపు నా జోడీ డానా 60. దాని లోపలి క్రౌన్ గేరు వ్యాసం 9.75 అంగుళాలు, నాది 10.5. కొలతల్లో తేడా ఉన్నా ఇద్దరి గేరు నిష్పత్తీ ఒకటే, 4.56. ఆ ఒక్క సంగతి చెప్పడానికే ఈ కథంతా.

సైన్యం మా బండిని వేలం వేసింది. చేతులు మారి మారి, బాడీ తుప్పు పట్టి, చివరికి మేమిద్దరం అరిజోనాలో ఒక పాత సామాన్ల యార్డుకు చేరాం. వచ్చినవాళ్ళంతా ముందు ఇరుసు ధర మాత్రమే అడిగేవారు. షెవర్లే బండికి సరిపోయే డానా 60 దొరకడం కష్టం, దాని ఖరీదూ ఎక్కువే. నాలాంటివి చవగ్గా, చాలా చోట్ల దొరుకుతాయి. దాన్ని ఒక్కదాన్నే ఎత్తుకుపోతారేమోనని నాకు నిజంగా భయంగా ఉండేది.

ఒకరోజు 1979 నాటి షెవర్లే కె10 పికప్ యజమాని ఒకాయన వచ్చాడు. అర టన్ను బండి. ముందు టెన్ బోల్ట్, వెనుక ట్వెల్వ్ బోల్ట్. రోడ్డు మీద తిరిగినన్నాళ్ళూ వాటికి వంక పెట్టడానికి లేదు. కానీ ఆయన 31 అంగుళాల టైర్లు తీసేసి 38 అంగుళాలవి వేయాలనుకున్నాడు, కొండరాళ్ళ దారుల్లో తిరగడానికి. అక్కడే పాత ఇరుసులకు గండం. ట్వెల్వ్ బోల్ట్‌లో బండి బరువును మోసేదీ, చక్రాన్ని తిప్పేదీ ఒకే షాఫ్టు. లోపలి కొసన సి ఆకారపు చిన్న క్లిప్పు దాన్ని పట్టి ఉంచుతుంది. షాఫ్టు విరిగిందా, చక్రం దానితోపాటు బయటికి జారిపోతుంది. నా కట్టు వేరు. హౌసింగ్ గొట్టం కొసన రెండు బేరింగుల మీద నా హబ్ కూర్చుంటుంది. బరువంతా దానిదే, షాఫ్టు పని తిప్పడమే. షాఫ్టు విరిగినా చక్రం చోటు వదలదు. చక్రం నేల మీద ఉండగానే ఎనిమిది బోల్టులు విప్పి షాఫ్టును లాగేయొచ్చు.

కొనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. మూతకు 14 బోల్టులున్న ఇరుసులన్నీ నావంటివి కావు. 9.5 అంగుళాల క్రౌన్‌తో తేలికపాటిది ఒకటుంది, దానికీ అన్నే బోల్టులు. మూత చూసి మోసపోకుండా చక్రం మధ్యలోకి చూడండి. హబ్ బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది నా జాతి.

యార్డువాళ్ళు ఆయనకు ఇంకో ముందు ఇరుసు చూపించారు. ఫోర్డ్ ఎఫ్-350 కింది డానా 60, మా దానికంటే చవక. గట్టితనంలో దానికి లోటు లేదు. అయితే దాని డిఫరెన్షియల్ డ్రైవర్ వైపు, అంటే ఎడమన ఉంటుంది. కె10లో ఇంజిన్ శక్తిని రెండు ఇరుసులకూ పంచే పెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేస్, ముందుకు పంపే షాఫ్టు కుడి పక్క నుంచి వస్తుంది. ఆ ఇరుసు పెట్టాలంటే ట్రాన్స్‌ఫర్ కేసే మార్చాలి. మిగిలిన డబ్బు అక్కడితో సరి.

ఆ తర్వాత నా బదులు 4.10 నిష్పత్తి ఉన్న వెనుక ఇరుసును తీసుకొచ్చి మా డానా పక్కన పెట్టారు. రెంటికీ క్రౌన్ మీద 41 పళ్ళే. క్రౌన్‌ను తిప్పే చిన్న గేరు పినియన్ మీద దానికి పది, మా డానాకు తొమ్మిది. ఒక్క పన్నే కదా అనిపిస్తుంది. కానీ ఫోర్ వీల్ వేసి గట్టి నేల మీద నడిపితే, ఒక కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి పరుగు, ఒకటి నడక అయినట్టే. టైర్లు ఈడ్చుకుపోతాయి, ట్రాన్స్‌ఫర్ కేస్ నలిగిపోతుంది. ఇరుసుకు తగిలించిన రేకు మీది అంకెను నమ్మకండి. గేర్లు ఎప్పుడో మార్చి ఉండొచ్చు.

ఆయనా రేకును నమ్మలేదు. నా చక్రాలను పైకి లేపి, పినియన్‌కు సుద్దగీత గీసి చేత్తో తిప్పాడు. చక్రాలు ఒక చుట్టు తిరిగేసరికి పినియన్ నాలుగున్నర చుట్లు దాటింది. ముందుదాన్నీ అలాగే చూశాడు. తర్వాత లెక్క కట్టాడు: ఆయన పాత నిష్పత్తి 3.73. దాన్ని 38తో గుణించి 31తో భాగిస్తే దాదాపు 4.57. పెద్ద టైరు వల్ల పోయే లాగుడంతా మా నిష్పత్తి తిరిగి ఇచ్చేస్తుంది. ఇంతకంటే చక్కగా కుదిరే సంబంధం నేను చూడలేదు.

నా గుణాలు దాచను. నా బరువు సుమారు పావు టన్ను. పొట్ట కిందికి వేలాడుతుంది, రాళ్ళకు ముందు తగిలేది నేనే. లోపల డిట్రాయిట్ లాకర్ ఉంది. బురదలో రెండు చక్రాలనూ కలిపి లాగుతుంది గానీ, మంచు పట్టిన రోడ్డు మలుపులో వెనుక భాగాన్ని పక్కకు తోసేస్తుంది. అక్కడ మెల్లగా వెళ్ళాల్సిందే.

మూత విప్పి నూనెలో వేలు ముంచి చూశారు. పాలరంగు లేదు కాబట్టి నీళ్ళు చేరలేదు, ఇనుప రజనూ తగల్లేదు. డానా కింగ్‌పిన్నులను, అంటే ముందు చక్రాలు పక్కకు మళ్ళే కీళ్ళను, ఊపి చూశారు. ఇద్దరినీ ఒకే ట్రైలర్‌లో ఎక్కించారు.

ఇంకా పని చాలా ఉంది. పాత ఆరు బోల్టుల చక్రాలు మాకు పట్టవు, 6.5 అంగుళాల వలయంలో ఎనిమిది బోల్టులవి కావాలి. ప్రొపెల్లర్ షాఫ్టుల కొసలు మార్చాలి. నావి 13 అంగుళాల బ్రేకు డ్రమ్ములు, వాటికి తగిన మాస్టర్ సిలిండర్ వెతకాలి. కమాను కట్టలను బిగించే యూ-బోల్టులు కొత్తవే వేయాలి. మొదటిసారి బరువుతో తిప్పి తెచ్చాక వాటిని మళ్ళీ బిగించాలి.