చదవకుండా పెట్టిన సంతకం

మీరు మనవాళ్లు కాబట్టి దాచకుండా చెప్పేస్తున్నా. బడి కమిటీ చైర్మన్ పదవి కోసం నేను తిరిగిన తిరుగుడు మా ఊళ్లో సర్పంచి పదవికి కూడా ఎవరూ తిరిగి ఉండరు. 2024 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ అంతటా స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. మాది మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల, ఏడో తరగతి దాకా ఉంటుంది. తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకోవాలి, వాళ్లలోంచి చైర్మన్‌ను ఎంచుకోవాలి. కమిటీలో సగం మంది ఆడవాళ్లే ఉండాలి. మా అమ్మాయి ఐదో తరగతి. బడి మీద నాకు ప్రేమ లేదనను. కానీ 'చైర్మన్ గారూ' అని పిలిపించుకోవాలన్న ఆశ దానికి నాలుగింతలుండేది. ఎన్నికైన సాయంత్రమే ఆగస్టు పదిహేను ఫ్లెక్సీకి ఫోటో దిగొచ్చాను.

పదవి దొరికితే చాలు, పనేమిటో తర్వాత కనుక్కుందాంలే అనుకుంటాం మనలో చాలామందిమి. ఆ 'తర్వాత' అన్నది ఎప్పటికీ రాదు.

నాకు తెలిసిన పని ఒక్కటే, హెచ్ఎం గారిని నిలదీయడం. ఫ్యాను తిరక్కపోతే ఆయన్నే అడిగేవాణ్ని. లెక్కల టీచర్ లేకపోతే ఆయన్నే, అన్నంలో గుడ్డు చిన్నదైతే ఆయన్నే. బడికి సర్కారు అంటే హెచ్ఎం గారే అన్నట్టుండేది నా ధోరణి. ఊళ్లో అందరూ అంతే కదా. కళ్లెదురుగా దొరికే మనిషి ఆయనొక్కడే మరి.

డిసెంబరులో ఒకరోజు ఆయన కాగితాల కట్ట పట్టుకుని మా ఇంటికొచ్చారు. "బడి అభివృద్ధి ప్రణాళిక అండీ, ఓసారి చదివి వినిపిస్తాను" అన్నారు. పెళ్లికి బయల్దేరుతున్నాను, చేతిలో బండి తాళాలున్నాయి. "మీరు రాశాక ఇంక చూసేదేముంది మాస్టారూ" అంటూ ఎక్కడ వేలు పెడితే అక్కడ టకటకా సంతకాలు పెట్టేశాను.

మళ్లీ జూన్‌లో బడి తెరిచారు. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు ఊడిపోయి ఉందని, పెద్ద తరగతి పిల్లలు మధ్యాహ్నం ఇళ్లకు పరుగెత్తుతున్నారని మా అమ్మాయి చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడు కమిటీ మీటింగు పెట్టించాను, తల్లులందరినీ పిలిపించాను, లేచి నిలబడ్డాను, గొంతు పెంచాను, ఆడపిల్లల బాధ పట్టదా అన్నాను, నిధులేమయ్యాయన్నాను, ఒక్క తలుపు గురించి పైకి రాయలేరా అన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. హెచ్ఎం గారు మాట్లాడలేదు. బీరువా తీసి, ప్రణాళిక తెచ్చి, నా ముందు పెట్టారు. మరుగుదొడ్ల దగ్గర 'అవసరం లేదు' అని ఉంది. పాత ఏడాది కాగితం చూసి ఎక్కించిన మాట అది. ఆ పేజీ అడుగున చైర్మన్ సంతకం ఉంది, నాది! మా వరసలో కూర్చున్న తల్లులంతా ఒకరి తర్వాత ఒకరు ఆ కాగితం అందుకుని చూశారు.

ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక బడి వరండాలోనే ఉండిపోయాను. హెచ్ఎం గారు పక్కన కూర్చుని, నేను తొలిరోజే అడగాల్సినవన్నీ అప్పుడు చెప్పారు. భవనం మండల పరిషత్‌ది. టీచర్లను డీఎస్సీ ద్వారా వేసేది రాష్ట్రం. జీతాలు 010 పద్దు కింద ట్రెజరీ నుంచి వస్తాయి. అజమాయిషీ ఎంఈఓది, ఆపైన డీఈఓది, ఆపైన పాఠశాల విద్యాశాఖది. లెక్కల పోస్టు ఖాళీగా ఉంటే హెచ్ఎం నింపలేరు. 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ వేసింది రాష్ట్ర ప్రభుత్వమే. వంట చేసే ఆమెకు నెలకు ఇచ్చే మూడు వేలలో కేంద్రం ఒప్పుకున్న లెక్క వెయ్యే. అది కూడా కేంద్రం 60, రాష్ట్రం 40 చొప్పున భరిస్తాయి. మిగతా రెండు వేలు రాష్ట్రమే పెట్టుకుంటుంది.

2025-26 బడ్జెట్‌లో పాఠశాల విద్యకు రాష్ట్రం 31,806 కోట్లు చూపింది, మొత్తం బడ్జెట్‌లో దాదాపు పదో వంతు. అందులో పెద్ద భాగం జీతాలకే పోతుంది. హెచ్ఎం చేతికి వచ్చేది సమగ్ర శిక్ష కింద ఇచ్చే స్కూల్ గ్రాంటు. వంద దాటి 250 లోపు పిల్లలున్న మా లాంటి బడికి ఏడాదికి 50,000 రూపాయలు. ఆయన ఖర్చుల నోటుబుక్కు తెరిచి చూపించారు. కరెంటు బిల్లు, చాక్‌పీసులు, రిజిస్టర్లు, ఫినాయిలు, కుళాయి బిరడా. గ్రాంటులో పదో వంతు పరిశుభ్రతకే పెట్టాలి. రెండు మూడు చోట్ల పెన్సిలుతో 'సొంతం' అని రాసి ఉంది. గ్రాంటు చేతికందే లోపు ఆయన జేబులోంచి పెట్టిన డబ్బది. నిధులేమయ్యాయని నేను అరిచింది ఈ మనిషి మీద.

ఇంకో సంగతి కూడా ఆరోజే తెలిసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్‌లో ఉంది. బడికి ఏం కావాలో ప్రణాళిక రాయాల్సింది కమిటీయే, ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం కావాలి. కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. అంటే పైనుంచి కిందికి ఇన్ని మెట్లున్న ఈ వ్యవస్థలో కింది మెట్టు మీదున్న మన చేతికీ చట్టం ఒక కలం ఇచ్చింది. అడిగినవన్నీ వస్తాయని కాదు. కాగితం మీద అడగందే ఎవరినీ నిలదీయలేం. నేను ఆ కలంతో 'అవసరం లేదు' అన్న మాట కింద సంతకం పెట్టాను.

ఇలా చేసింది నేనొక్కణ్నే అని నేననుకోను. తల్లిదండ్రులం బడి గురించి గొంతు చించుకుంటాం, కాగితం చదవమంటే పెళ్లి గుర్తొస్తుంది. బడి బాగోలేదని పిల్లల్ని ప్రైవేటుకు మారుస్తాం, పిల్లలు తగ్గితే గ్రాంటు తగ్గుతుందన్న సంగతి పట్టించుకోం. పిల్లలు వందకు దిగితే ఆ 50,000 కాస్తా 25,000 అవుతుంది.

ఆ తలుపు ఊరి చందాతో పెట్టించాం. కొత్త మరుగుదొడ్డికి ప్రణాళిక తిరగరాసి, మీటింగులో పేజీ పేజీ పైకి చదివి, తల్లుల చేత ఒప్పించి ఎంఈఓకు అందజేశాం. ఇంకా మంజూరు కాలేదు. నెలనెలా అడుగుతూనే ఉన్నాం, అడగడానికి ఇప్పుడు మా దగ్గర కాగితం ఉంది. మీ పిల్లలూ సర్కారు బడిలో చదువుతుంటే రేపే వెళ్లి ప్రణాళిక చూపించమని అడగండి. అది మీ హక్కు. హెచ్ఎం గారు సంతోషంగా కుర్చీ వేస్తారు, ఆయనక్కూడా కావాల్సింది చదివే మనిషే.