బ్లీచింగ్ ఏసినాం, తాగండి!

ఆస్పరిలో బిందెడు నీళ్లు పట్టి చూడండి. అద్దంలా ఉంటాయి. ఎలా ఉన్నాయని అడిగి చూడండి. జవాబూ అంతే తేటగా వస్తుంది: "తెల్లగ ఉండాయి కదమ్మా, ఇంకేం కావాల? నిన్ననే బ్లీచింగ్ ఏసినాం!"

వేశారు, సంతోషం. బ్లీచింగుకు క్రిములు చస్తాయి. మరి నీళ్లలో నైట్రేటు ఉంటే? అది క్రిమి కాదు కదా సామీ, చావడానికి! దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పోనీ కాచి తాగుదామా? నీళ్లు ఆవిరైపోతాయి, నైట్రేటు గిన్నెలోనే చిక్కబడి కూర్చుంటుంది.

ఎక్కడి నుంచి వచ్చిందంటారా? యూరియా సంచి 45 కిలోలు. పత్తికి, ఎర్రగడ్డకు, టమోటాకు పోటీపడి చల్లుతాం. పైరు తాగినంత తాగుతుంది. మిగిలింది నైట్రేటుగా మారి వాననీళ్లతో బోరుదాకా దిగుతుంది. బోరు పక్కన పేడదిబ్బ, దిబ్బ పక్కన అడుగు కట్టని మరుగుదొడ్డి గుంత. ఇదే ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరునాడు పిడకలతో కొట్టుకుంటే టీవీలవాళ్లు ఏటా వింతగా చూపిస్తారు. అదే నయం. ఎవరు విసిరారో కనబడుతుంది. బోరులోంచి తగిలే పేడదెబ్బకు ఆ మర్యాదా లేదు.

తాగునీటి జాతీయ ప్రమాణం ఏమంటోంది? లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు మించరాదు. వేరే దిక్కులేకపోతే ఫ్లోరైడును 1 నుంచి 1.5 దాకా సహించమంది. నైట్రేటుకు మాత్రం 'సడలింపు లేదు' అని రాసింది. కాగితం ఇవ్వని సడలింపు కొళాయి దగ్గర దొరుకుతోంది! కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదికలో ఆంధ్రప్రదేశ్ నమూనాల్లో 23.5 శాతం హద్దు దాటేశాయి. రాజస్థాన్‌లో దాదాపు సగం. "చూశారా, మనమే నయం" అనే మహానుభావుడు ఈపాటికి ఎక్కడో మైకు అందుకునే ఉంటాడు.

మరి ఆస్పరి బోర్లలో అంకె ఎంత? ఏ గోడ మీద రాశారు? నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి దొరికే గోడ ఈ ఒక్క అంకెకు దొరకదా?

ఆరు నెలలు నిండని పసికందు డబ్బాపాలల్లో నైట్రేటు మించిన నీళ్లు కలిస్తే నెత్తురు ప్రాణవాయువును సరిగా మోయలేదు. ఒళ్లు నీలబడుతుంది. అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే డాక్టరు బావినీళ్లకూ ఈ జబ్బుకూ ఉన్న లంకె బయటపెట్టింది 1945లో. ఎనభై ఏళ్లు! మన పెద్దలకు ఆ కబురు ఎడ్లబండి మీద వస్తోంది కాబోలు.

వాగ్దానాలకేం, దండిగా ఉన్నాయి. 2014 అక్టోబరు 2న సుజల పథకం: రెండు రూపాయలకు 20 లీటర్లు. ఆ రెండు రూపాయల క్యాను ఇప్పుడెక్కడ దొరుకుతోందో చెప్పండి, పోయి తెచ్చుకుంటాం. 2019 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి జల్ జీవన్: 2024కల్లా పల్లెల్లో ఇంటింటికీ కొళాయి. 2024 వచ్చింది, పోయింది. గడువు 2028కి జరిగింది. గడువుకైతే సడలింపు ఉంది!

అందాకా వాటర్ ప్లాంటే దిక్కు. భూమిలోంచి తోడిన నీళ్లనే వడగట్టి మనకే అమ్ముతుంది. వడగట్టగా మిగిలిన చిక్కటి నీళ్లు వెనకనున్న మురిక్కాల్వలోకి. కాల్వలోంచి భూమిలోకి. భూమిలోంచి?

"క్యాను అయిపోయింది. పోయి ఇంకొకటి ఎత్తుకోని రాపో నాయనా."