కుర్చీల అభిప్రాయ సేకరణ

నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ఇథనాల్ ఫ్యాక్టరీకి అనుమతి మీరిచ్చారంటే మీరిచ్చారని పార్టీలు 2024లో ఒక వారమంతా తిట్టుకున్నాయి. ఊరివాళ్లను ఎవరైనా అడిగారా అన్న సంగతి ఏ ప్రెస్‌మీట్‌లోనూ తేలలేదు. సభలకు కుర్చీలు కిరాయికిచ్చే టెంట్‌హౌస్ వాళ్ల నష్టమైతే ఎవరికీ పట్టనే లేదు.

2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. కలెక్టరో, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారో కూర్చోవాలి. చివర్లో జనం చెప్పిందంతా స్థానిక భాషలో చదివి వినిపించాలి. అందులోనే ఇంకో రసవత్తరమైన ముక్క ఉంది: సభ మొదలుపెట్టడానికి కోరం అక్కర్లేదు! షామియానా, మైకు, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వస్తే చాలు, ప్రజలు వచ్చినట్టే.

నిజానికి కుర్చీని మించిన పౌరుడెవరు? వేసిన వరుసలో ఉంటుంది. బోరు నీళ్ల గురించి అడగదు. తెల్లవారకముందే ఠాణాకు తరలించే పని లేదు. 2024 అక్టోబర్ 23న రామన్నపేటలో సిమెంటు ఫ్యాక్టరీపై పెట్టిన ప్రజాభిప్రాయ సభ కోసం పోలీసులు ఎంత చెమటోడ్చారో చూశాం కదా. మినిట్స్ రాయడమూ సులువే. మొదటి వరుస: అభివృద్ధికి మద్దతు. రెండో వరుస: ఉపాధికి హర్షం. చేయి విరిగిన కుర్చీ ఒకటి కాస్త ఊగింది. దాన్ని వెనక్కి జరిపారు. ఏకగ్రీవం.

కేంద్రానికి ఆ కుర్చీల కిరాయి కూడా దండగనిపించింది. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ కోసమే నడుస్తూ, చుక్క మురుగు బయటికి వదలమనే ధాన్యం డిస్టిలరీలను 2021 జూన్ 16న బీ2 కేటగిరీలో పడేసింది. బీ2కి ప్రజాభిప్రాయ సేకరణే లేదు. మక్కలు, నూకలు ఫ్యాక్టరీకి పోతాయి, కుర్చీలు గోదాంలోనే పడుంటాయి.

2024 నవంబర్ 26న దిలావర్‌పూర్, గుండంపల్లి జనం కుర్చీల కోసం చూడలేదు. నిర్మల్–భైంసా రోడ్డు మీదే కూర్చున్నారు. ఆర్డీవో కారు రాత్రిదాకా కదల్లేదు. మర్నాడు ఫ్యాక్టరీ పనులు ఆపుతున్నామని కబురొచ్చింది.

నెల ముందు ఒక ప్రకటన, ఒక మైకు, తెలుగులో నాలుగు కాగితాలు. అంతటితో పోయేదానికి ఆడవాళ్లూ ముసలివాళ్లూ చలిలో హైవే మీద కూర్చోవాలా? ఊరి పక్కన ఏం పెడుతున్నారో ఊరికి చెప్పకపోవడం వెసులుబాటా? దాన్ని మోసం అనాలి. ఆ సభను కొట్టేసిన పెద్దమనుషులు ఢిల్లీలోనే ఉన్నారు. దిలావర్‌పూర్ రోడ్డు మీద ఎదురుబొదురుగా నిలబడ్డది మాత్రం ఊరివాళ్లూ, అదే జిల్లా పోలీసులూ.