మాచా మాహాత్మ్యం

మైదా, పంచదార, వెన్న అనే మూడింటి పేర్లు విడివిడిగా వింటేనే బెంబేలెత్తే పట్టణ మధ్యతరగతి, ఆ మూడింటినీ కలిపి ముద్ద చేసి అందులో చిటికెడు పచ్చపొడి వేయగానే దానిని ఆరోగ్యాహారంగా అంగీకరించడం ఈ కాలపు పాకశాస్త్రం సాధించిన విజయాలలో ముఖ్యమైనది. ఆ పొడి పేరు మాచా. కోతకు మూడు నాలుగు వారాల ముందు నుంచి నీడపందిళ్ల కింద పెంచిన జపాన్ తేయాకును ఆవిరిపట్టి, ఆరబెట్టి, ఈనెలు తీసి, రాతి తిరగలిలో విసిరితే అది తయారవుతుంది. దానిని కలిపి ఇంట్లోనే కాల్చే తియ్యని రోల్స్, అంటే ఈస్ట్‌తో పొంగించిన మెత్తని చుట్టబన్నులు, మహానగరాల కఫేలను దాటి రాయ్‌పూర్ వంటిళ్ల దాకా వచ్చాయి. వచ్చినందుకు ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు; పేచీ అంతా అవి వెంటబెట్టుకొచ్చిన స్థలపురాణంతోనే.

ఆ పురాణం ప్రకారం మాచాలో ఆక్సీకరణను అడ్డుకునే క్యాటచిన్లూ, మనసును కుదుటపరుస్తుందని పేరుపడ్డ ఎల్-థియనిన్ అనే అమైనో ఆమ్లమూ పుష్కలంగా ఉన్నాయి గనుక, రోల్ తిన్నవారికి ఆ ఫలమంతా దక్కుతుంది. ఫలశ్రుతి బాగానే ఉంది గాని కొలతలే సహకరించవు. 400 గ్రాముల మైదా, 80 గ్రాముల పంచదార, 60 గ్రాముల వెన్నతో 12 రోల్స్ చేసే ఇంట్లో మాచా పడేది రెండు చిన్న చెంచాలు, అంటే సుమారు 4 గ్రాములు. ఒక్కో రోల్ వంతుకు వచ్చేది గ్రాములో మూడో భాగం. జపాన్‌లో ఒక కప్పు మాచాకు వాడేది దాదాపు 2 గ్రాములు కాబట్టి, ఆ ఒక్క కప్పు పుణ్యం మూటగట్టుకోదలచిన భక్తుడు ఆరు రోల్స్ తినాలి, వాటితోపాటు 200 గ్రాముల మైదాను, 40 గ్రాముల పంచదారను, 30 గ్రాముల వెన్నను కూడా కడుపులో వేసుకోవాలి. లోపల పూసే తీపి పూత లెక్క వేరు. 1211లో ఐసాయ్ అనే జపాన్ బౌద్ధ భిక్షువు తేయాకును ఆయుష్షు పెంచే ఔషధంగా కీర్తిస్తూ గ్రంథం రాసిన మాట నిజమే, కాని ఆయన తాగమన్నాడే తప్ప వెన్నలో వేసి కాల్చమనలేదు.

అసలు మాచా ఖరీదైనది కావడానికి తిరగలే ఒక కారణం: పొడి వేడెక్కకుండా నెమ్మదిగా తిరిగే రాయి గంటకు 30, 40 గ్రాములకు మించి విసరలేదు. అంత ఓపికా అంత డబ్బూ లేని చోట గ్రీన్ టీ సంచీలను కత్తిరించి మిక్సీలో తిప్పి, ఆ గరుకు పొడికి మాచా అని నామకరణం చేయడం ఆచారమైంది. ఏ పొడి వేసినా, 180 డిగ్రీల ఓవెన్‌లో ఆకుపచ్చకు కారణమైన పత్రహరితం తనలోని మెగ్నీషియాన్ని పోగొట్టుకుని ఫియోఫైటిన్ అనే మాసిన రంగు పదార్థంగా మారుతుంది. ఉడికిన గోంగూర రంగు మారేదీ ఇందువల్లనే. ఫొటోలో పచ్చదనం తగ్గితే ఆరోగ్యం తగ్గినట్టు కనబడుతుందన్న భయంతో పిండిలో ఒక బొట్టు ఆకుపచ్చ కృత్రిమ రంగు కలిపేవారూ ఉన్నారు. ప్రకృతికి ఆ మాత్రం సాయం అవసరమే కాబోలు.

ఇక మెత్తదనం రహస్యం. టాంగ్‌జోంగ్ అనే పద్ధతిలో కొంత పిండిని అయిదింతల నీటిలో 65 డిగ్రీల దాకా ఉడికించి, ఆ గంజిముద్దను మిగిలిన పిండిలో కలుపుతారు. స్టార్చ్ నీటిని పట్టుకుని జిగురెక్కడం వల్ల రొట్టె మర్నాటికీ మెత్తగానే ఉంటుంది. పద్ధతిలో లోపమేమీ లేదు. అయితే దేశమంతా వరి గిన్నెగా పిలిచే ఛత్తీస్‌గఢ్‌లో, 23 వేలకు పైగా వరి నమూనాలను భద్రపరిచిన ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం ఉన్న రాయ్‌పూర్‌లో, పిండిని వేడినీటితో మెత్తబరచవచ్చునని థర్మామీటరు పట్టుకుని కనుగొనడం మాత్రం సాహసమే. బియ్యప్పిండిని వేడినీటితో కలిపి పూరీలుగా వత్తే చౌసేలా, అన్నమూ బియ్యప్పిండీ కలిపి పిసికి ఆకుల మధ్య నిప్పులపై కాల్చే అంగాకర్ రొట్టె చేసే ఇల్లాళ్లు ఆ పని ఏ డిగ్రీ చూడకుండానే చేస్తూ వచ్చారు. అక్కడి ఐరసా కూడా బియ్యప్పిండీ బెల్లమూ కలిసి నూనెలో వేగిన పదార్థమే, రైల్వే ఉద్యోగాలకో వ్యాపారానికో అక్కడికి వెళ్లి స్థిరపడిన తెలుగువారి అరిసెకు తోబుట్టువే; ఈ రెండింటినీ గుండెకు మంచివని చెప్పి ఎవరూ పెట్టలేదు, పండగని చెప్పి పెట్టారు.

పిండిని వెచ్చనిచోట గంటసేపు ఉంచమనే ఆదేశం చలిదేశాలలో పుట్టినది. మే నెలలో 45 డిగ్రీలకు చేరువయ్యే రాయ్‌పూర్‌లో నగరమంతా వెచ్చనిచోటే కనుక, ఆదేశాన్ని అక్షరాలా పాటించిన ఇంట్లో పిండి గిన్నె దాటి పొంగి, పులిసి, సారా వాసన కొడుతుంది. దానికీ ఒక వ్యాఖ్యానం సిద్ధంగా ఉంది: పులియబెట్టిన ఆహారం పేగులకు మంచిదట.

తేయాకు గుణమే కావలసినవారికి జపాన్ దాకా వెళ్లే పని కూడా లేదు. ఛత్తీస్‌గఢ్‌లోనే జష్‌పూర్ జిల్లా సారూడీహ్‌లో తేయాకు తోట ఉంది, ఆ ఆకును వేడినీళ్లలో వేసుకుంటే మూడు నిమిషాలలో పని పూర్తవుతుంది. అందులో పంచదార, వెన్న కలపవలసిన పని లేదు కాబట్టి ఆరోగ్యప్రియులకు అది అంతగా రుచించకపోవడంలో వింతేమీ లేదు.