ఈల మింగిన ఇలాచీ

అయ్యా హీరోగారూ, తమరి తర్వాతి సినిమాకి మొదటి ఆటలో ఈలలు కాస్త తగ్గవచ్చు. డైరెక్టర్ని తిట్టకండి. అభిమానికి నోరు తెరుచుకోవడం లేదు, అంతే.

వక్క నమలగా నమలగా బుగ్గ లోపలి పొర పాలిపోయి, కింద తాళ్లు పేనినట్టు గట్టిపడుతుంది. డాక్టర్లు దీన్ని ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. నిలువుగా 3 వేళ్లు పట్టాల్సిన నోట్లో ముదిరాక ఒక్కటి పడితే గొప్ప. మిర్చి బజ్జీ కొరికితే నిప్పు కొరికినట్టే. ఈల అయితే రానే రాదు. 1952లో ష్వార్ట్జ్ అనే ఆయన ఈ జబ్బు గురించి మొదట రాసింది కెన్యాలోని ఐదుగురు భారతీయ స్త్రీల నోళ్లు చూసి. సముద్రం దాటినా వక్క మనల్ని వదల్లేదన్నమాట.

మీకు అర్థమయ్యే ఫిల్మ్‌నగర్ భాషలో చెబుతాను. లాలాజలం ఊరించే పెద్ద గ్రంథులు 3 జతలు. వాళ్లు హీరోలు, లోపలెక్కడో కారవాన్‌లో ఉంటారు. పెదవి, బుగ్గ, అంగిలి పొరల కిందే 600 నుంచి 1000 దాకా చిన్న గ్రంథులు పరుచుకుని ఉంటాయి. వాళ్లు కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టులు. మొత్తం లాలాజలంలో వాళ్ల వాటా పదో వంతుకు మించదు. కానీ నోరు ఒరుసుకుపోకుండా కాపాడే జిగురులో పెద్ద భాగం వాళ్లదే. హీరోకి డూప్‌ని పెట్టి లాగించొచ్చు, జనం లేకుండా జాతర సీన్ తీయగలరా?

వక్కలోని అరెకొలిన్ నార పుట్టించే కణాలను రెచ్చగొడుతుంది, కొలాజెన్ పోగుపడుతుంది. వక్కలోనే ఉన్న రాగి ఆ నారకు ముడులు బిగించే ఎంజైమ్‌కు ఊతమిస్తుంది. ఈ సెట్టు కూలేది సరిగ్గా జూనియర్ ఆర్టిస్టుల నెత్తినే. రక్తం అందక, నాళాలు నొక్కుకుపోయి, ఊటతిత్తులు ముడుచుకుపోతాయి. వక్క మానేసినా బిగిసిన నార మళ్లీ మెత్తబడటం అరుదు. కొందరిలో అది క్యాన్సర్ దాకా పోతుంది.

"మా హీరో ప్రకటించే పొట్లంలో పొగాకు లేదుగా!" అంటారు మీ మేనేజర్లు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ఒట్టి వక్కను కూడా క్యాన్సర్ కారకాల మొదటి వరుసలో కూర్చోబెట్టింది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గుట్కాను నిషేధిస్తే వ్యాపారి కన్నీరేం పెట్టలేదు. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం. కలుపుకోవడం నీ చెయ్యి, నీ నోరు. ప్రకటనకు మాత్రం ఇలాచీ. పాపం ఇలాచీది ఏ తప్పూ లేదు, తప్పంతా దాని నెత్తిన రుద్దిన పాన్ మసాలా పేరుది.

2021లో మహేశ్ బాబు, టైగర్ ష్రాఫ్‌తో కలిసి పాన్ బహార్ ఇలాచీ ప్రకటనలో మెరిశారు. 2022 ఏప్రిల్‌లో అక్షయ్ కుమార్, విమల్ ఇలాచీ ప్రకటన చేసినందుకు అభిమానులకు క్షమాపణ చెప్పి తప్పుకున్నారు. హిందీ కథలు రీమేక్ చేయడంలో మనవాళ్లు దిట్టలు కదా, ఈ సీనుకు ఎవరు డేట్లిస్తారో చూడాలి.

తెర మీద సిగరెట్ వెలిగితే మూలన హెచ్చరిక వేయాలని చట్టం. ఆటకు ముందు గుట్కాకు బలై 24 ఏళ్లకే పోయిన ముకేశ్ కథ వేసేవారు. హాల్లో ఆయన గొంతును అనుకరించి నవ్వాం. ఇలాచీ డబ్బా వెనక నిలబడ్డ వక్కకు మాత్రం ఏ మూలా హెచ్చరిక లేదు, దాని పక్కన హీరో ఉన్నాడు.

తమ్ముడూ, ఆ కటౌట్‌కి పాలు తర్వాత పోద్దువు. అద్దం ముందు నిలబడి 3 వేళ్లు నిలువుగా నోట్లో పెట్టి చూసుకో. పట్టకపోతే జేబులో పొట్లం అక్కడే పారేసి, అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాలకు బస్సెక్కు.