పెళ్ళికూతురి తల్లి చీర

తెలుగువారి పెళ్ళిలో పెళ్ళికూతురి బట్టలకు సంప్రదాయం అండగా ఉంది. మధుపర్కాలు, అంటే ఎర్రంచు గల తెల్లని నూలు వస్త్రాలు, తరతరాలుగా స్థిరపడినవే కనుక అక్కడ వాదానికి చోటు తక్కువ. తల్లి ఏమి కట్టుకోవాలన్న విషయంలో మాత్రం పురోహితుడు మౌనం వహించడం వల్ల, ఆ లోటును ఆడపడుచులు, తోటికోడళ్ళు, అక్కచెల్లెళ్ళు ఉదారంగా పూరిస్తారు.

వారి తీర్మానం ప్రకారం ఆ చీర పెళ్ళికూతురి చీరను మించరాదు, వియ్యపురాలి చీరకు తీసిపోరాదు. రెండవ నియమం పాటించాలంటే వియ్యపురాలు, అనగా పెళ్ళికొడుకు తల్లి, ఏమి కొన్నదో ముందే తెలియాలి. ఆవిడా అదే సమాచారం కోసం కాచుకొని ఉంటుంది కనుక, "ఇంకా ఏమీ అనుకోలేదండీ వదినగారూ" అని ఇద్దరూ ఫోనులో చెప్పుకుంటూ ముహూర్తాన్ని దగ్గరకు తెచ్చుకుంటారు.

దుకాణంలో మొదట విప్పేది గద్వాల చీర. దాని ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు కావడం వల్ల వేసవి ముహూర్తాలకు ఇంతకంటే హాయినిచ్చేది దొరకడం కష్టం. హాయిగా ఉంటుందన్న కారణం చేతనే అది పెళ్ళికి తగదని మేనత్త తేల్చివేస్తుంది. నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దే ఇక్కత్ పద్ధతిలో తయారైన పోచంపల్లి, ఎంత నేర్పుతో నేసినదైనా, "ఆఫీసు చీర" అనిపించుకొని పక్కకు తప్పుకొంటుంది. ఇక మిగిలేవి కంచి, ధర్మవరం పట్టుచీరలు. వెండి తీగకు బంగారు పూత పూసిన అసలు జరీ ఎంత ఉంటే చీర అంత బరువు, ఎంత బరువైతే అంత గౌరవం అన్న సూత్రం ఇక్కడ అమలులోకి వస్తుంది. చివరికి నెమలికంఠం రంగు గెలుస్తుంది. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు వేసి నేయడం వల్ల నిలబడిన చోటును బట్టి అది నీలంగానూ, పచ్చగానూ కనిపిస్తుంది కనుక నీలం కోరినవారూ, పచ్చ కోరినవారూ తామే నెగ్గామనుకోవచ్చు. మూల కుర్చీలో కూర్చున్న భర్తకు మాత్రం అది మొదట చూపించిన చీరలాగే కనిపిస్తుంది. ఆ మాట పైకి అనకపోవడం ముప్పై ఏళ్ళ సంసారం నేర్పిన విద్య.

జాకెట్టుకు మగ్గం వర్క్, అనగా చట్రానికి బిగించిన గుడ్డపై కొక్కెం వంటి సూదితో జరీ, పూసలు కుట్టే పని, తప్పనిసరి. పెళ్ళినాటికి సన్నబడతానని ఆవిడ చెప్పగా, అనుభవజ్ఞుడైన దర్జీ ఆ సంకల్పాన్ని గౌరవిస్తూనే లోపల రెండంగుళాల గుడ్డ వదిలి కుడతాడు.

ఇంత శ్రమ ఫలించవలసిన ఘట్టం కన్యాదానం. తండ్రి అల్లుడి కాళ్ళు కడుగుతుంటే పక్కనుండి చెంబుతో నీళ్ళు పోసేది తల్లే. నీటి మరకంటే పట్టుకు ఎంత గిట్టదో తెలిసి కూడా ఆవిడను పళ్ళెం పక్కన నిలబెట్టే ఆచారాన్ని దర్జీలు గానీ, నేతగాళ్ళు గానీ కనిపెట్టి ఉండరు. ఫోటోలలో చెంబు స్పష్టంగా పడుతుంది, జరీ అంచు పురోహితుడి భుజం వెనుక ఉంటుంది.

ఆపైన ఆ చీర మెత్తని తెల్లగుడ్డలో చుట్టుకొని బీరువా చేరుతుంది. మడత చోట జరీ విరగకుండా అప్పుడప్పుడు తీసి మడతలు మార్చడమే తప్ప కట్టుకొనే అవకాశం రాదు. ఒకసారి వియ్యపురాలు చూసిన చీరను మళ్ళీ ఆవిడ ఎదుట కట్టరాదు, పెళ్ళి తరువాత వచ్చే ప్రతి శుభకార్యానికీ మొదటి పిలుపు ఆవిడకే.