ఎత్తు తర్వాత, ముందు కాటా

థార్‌కో, జిమ్నీకో, పాత జిప్సీకో కొత్త సస్పెన్షన్ వేయిద్దామని డబ్బు సిద్ధం చేసుకుని వచ్చేవాళ్లకు నేను చెప్పే సలహాలు తలకిందులుగా వినిపిస్తాయి. చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు. అయినా చెబుతాను. ఇక్కడ తప్పుడు సరుకు కొంటే పోయేది డబ్బు ఒక్కటే కాదు, ఘాట్ రోడ్డు మలుపులో బండి మన మాట వినకుండా పోతుంది.

ముందు షాపుకి వెళ్లకండి. లారీలు తూచే కాటాకి వెళ్లండి. రోజూ బండి ఎలా తిరుగుతుందో అలాగే, ట్యాంకు నింపి, స్టెప్నీ, పనిముట్లు వేసి, ఎక్కేవాళ్లందరినీ ఎక్కించుకుని వెళ్లండి. ముందు చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి ఒకసారి, మొత్తం బండి ఎక్కించి ఒకసారి తూయించండి. ఆ తేడాయే వెనక బరువు. ఈ లెక్క లేకుండా స్ప్రింగులు కొనడమంటే కొలతలివ్వకుండా చొక్కా కుట్టించుకోవడమే. బరువు మోసేది, ఎత్తు నిలిపేది స్ప్రింగు. షాక్ అబ్జార్బరు ఆ స్ప్రింగు ఊగులాటను పట్టి ఆపి, ఆ ఊపును వేడిగా మార్చి బయటికి వదిలేస్తుంది. వెనక కుంగిందని షాకులు మార్పించినవాళ్లను చాలామందిని చూశాను. బండి కుంగినట్టే ఉంది, డబ్బులు మాత్రం పోయాయి.

ముందు విన్చ్ బిగించారనుకోండి, ఇనుప తాడుతో కలిపి 40 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. అది ఎప్పుడూ దిగని బరువు కాబట్టి దానికి తగ్గ స్ప్రింగు కావాలి. ఏడాదికి రెండుసార్లు గుడారాలూ సామాన్లూ వేసుకుని తిరిగేవాళ్లు మాత్రం ఆ రెండుసార్ల కోసం హెవీ స్ప్రింగులు కొనొద్దు. మిగతా ఏడాదంతా ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది.

రెండో మాట ఇంకా నచ్చదు. లిఫ్ట్ అడగకండి. రాయి తగిలేది ఎక్కడో వంగి చూడండి. జిమ్నీకి ముందూ వెనకా, 2020లో వచ్చిన థార్‌కు వెనక, రెండు చక్రాలనూ కలిపే ఇరుసు ఒకటే ఉంటుంది. దాని మీద ఉబ్బెత్తుగా ఉండేది డిఫరెన్షియల్. స్ప్రింగులు 2 అంగుళాలు పెంచితే పైన బాడీ లేస్తుంది, డిఫరెన్షియల్ మాత్రం నేలకు ఎంత ఎత్తులో ఉందో అంతే ఉంటుంది. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగమే. బంపరు గట్టుకు తగలకుండా లిఫ్ట్ కొంత సాయం చేస్తుంది, కాదనను. కానీ దానితోపాటు బండి బరువంతా పైకి జరుగుతుంది, ముందు చక్రాలు తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం (క్యాస్టర్) తగ్గి హైవే మీద స్టీరింగ్ అటూ ఇటూ వెతుక్కుంటుంది, చక్రం బాగా కిందికి దిగినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకుంటుంది. చట్టాన్ని కూడా మరిచిపోవద్దు. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో స్పష్టంగా చెప్పింది. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సువాళ్లతో వాదించే ఓపిక ఎవరికుంటుంది?

కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) విషయంలో నాకు బాగా దెబ్బ తగిలింది. నా జిప్సీ వెనక మెత్తబడిందంటే ఒక మెకానిక్ రెండు వైపులా ఒక్కో పట్టీ అదనంగా వేశాడు. బండి నిటారుగా నిలబడింది, నేను మురిసిపోయాను. ఆ నెలలోనే బొర్రా గుహల నుంచి కటికి జలపాతానికి వెళ్లే దారిలో ఒక గుంట అంచున ఆగిపోయాను. దిగి చూస్తే వెనక ఎడమ చక్రం గాల్లో ఉంది, నేలకీ దానికీ మధ్య అరచేయి పడుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆ చక్రమే గిర్రున తిరుగుతోంది, నేల మీద ఉన్నది కదలడం లేదు. వెనకే టూరిస్టులను ఎక్కించుకుని వచ్చిన జీపు డ్రైవరు ఒక పెద్దాయన, దిగి నా కమాన్ కట్టను చేత్తో తట్టి చూశాడు.

‘‘ఇంత గట్టిగా కట్టీసినారేటి బాబూ? సక్రం కిందకి దిగాల గదా!’’

ఆయన జీపులో నిండా జనం. అదే గుంటలో దాని చక్రం కిందికి వాలి, నేలను తడుముకుంటూ, కుదుపు కూడా లేకుండా దాటింది. ఇంటికి రాగానే ఆ అదనపు పట్టీలు తీయించేశాను. ఏ సస్పెన్షన్ కొన్నా సరే, చక్రం ఎంత పైకి లేస్తుందో కాదు, ఎంత కిందికి దిగుతుందో అడగండి.

షాకుల దగ్గర కూడా ఖరీదైనదే మంచిదని అనుకోవద్దు. ఒంటి గొట్టం రకం వేడిని త్వరగా వదులుతుంది, గతుకుల మట్టిరోడ్డు మీద గంటలకొద్దీ నడిచేవాళ్లకు అది మేలు. కానీ పిస్టన్ ఆ గొట్టంలోనే నడుస్తుంది, కాబట్టి రాయి తగిలి బయట సొట్టపడితే లోపల పట్టేస్తుంది. రాళ్లలో నెమ్మదిగా తిరిగే బండికి జంట గొట్టాల రకమే నేను వేయిస్తాను.

ఇవన్నీ కొనేముందు టైర్లలో గాలి తగ్గించి ఒకసారి మీరు తిరిగే దారిలోనే వెళ్లి రండి. రాళ్లలో 20 పీఎస్ఐ దగ్గర టైరే మొదటి స్ప్రింగు. తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపుకోవడానికి కంప్రెసర్ దగ్గర పెట్టుకోండి. తర్వాత బుష్‌లు మార్పించండి. ‘సస్పెన్షన్ పోయింది’ అన్న బళ్లలో చాలావాటికి పోయింది ఆ రబ్బరు ముక్కలే.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బుష్ బోల్టులు గట్టిగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. ముందు వదులుగా పెట్టించి, బండిని నేలకు దించి, బరువు పడ్డాక పూర్తిగా బిగించమనండి. మెకానిక్ విసుక్కున్నా కదలకండి. కమాన్ కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు పాతవి మళ్లీ వేయనివ్వకండి. ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక వాటికి మళ్లీ స్పానర్ వేయించండి. నా జిప్సీకి అలా చూస్తే, వెనక ఎడమవైపు నట్టు ఇంకో పావు చుట్టు లోపలికి వెళ్లింది.